ఫుట్‌బాల్ క్లబ్ ఎవరిది? విదేశీ జట్టును ఎంచుకునే ముందు దాని పుట్టుక తెలుసుకుందాం

వెస్ట్ హామ్ యునైటెడ్ చిహ్నంలో రెండు సుత్తులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉంటాయి. ఓడ పలకలకు రివెట్లు కొట్టే సుత్తులవి. తూర్పు లండన్‌లో థేమ్స్ ఐరన్‌వర్క్స్ అనే ఓడల తయారీ కంపెనీ 1895లో తన కార్మికుల కోసం ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టింది. ఐదేళ్లకు ఆ జట్టు కంపెనీ నుంచి విడివడి వెస్ట్ హామ్ యునైటెడ్ అయింది. 1912లో కంపెనీ మూతపడింది. వందేళ్లు దాటినా స్టేడియంలో ఇప్పటికీ ‘ఐరన్స్’ అనే కేకలు వినిపిస్తాయి. షిప్‌యార్డు లేదు, క్లబ్ ఉంది.

మన దేశంలో ఇదే కథ తిరగబడి నడిచింది. పంజాబ్‌లోని ఫగ్వారాలో జేసీటీ మిల్స్ 1971లో ఒక జట్టును పెట్టింది. దేశంలో మొట్టమొదటి జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌ను, 1996-97లో, గెలిచింది ఆ జట్టే. 2011లో యాజమాన్యం దాన్ని రద్దు చేసింది. అంతకు ఏడాది ముందు ముంబైలో మహీంద్రా యునైటెడ్‌కూ అదే గతి పట్టింది. ఇక్కడ కంపెనీలు ఉండగానే క్లబ్బులు పోయాయి.

ఇంగ్లండ్‌లోనో స్పెయిన్‌లోనో ఒక జట్టును తనదిగా చేసుకోవాలనుకునే తెలుగు ప్రేక్షకుడు సాధారణంగా చూసేది ఎవరు గెలుస్తున్నారు, ఎవరు ఆడుతున్నారు అనే. ఆటగాడు రెండు మూడేళ్లలో మరో జట్టుకు వెళ్లిపోతాడు. కప్పు చేతులు మారుతుంది. మిగిలేది క్లబ్. అది ఎక్కడ పుట్టింది, పుట్టించినవాళ్లు తప్పుకున్నాక ఎవరి చేతుల్లోకి వెళ్లింది అన్నది తెలిస్తే, మనం దేనికి జై కొడుతున్నామో కొంత తెలుస్తుంది.

శనివారం మధ్యాహ్నం దొరికిన ఖాళీ

బ్రిటన్‌లో 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం, బట్టల మిల్లుల్లో మహిళలతో, చిన్న వయసు వారితో శనివారం మధ్యాహ్నం 2 గంటల తర్వాత పని చేయించకూడదని చెప్పింది. వాళ్లు లేకుండా మిల్లు నడవదు కాబట్టి మిగతావారికీ సెలవు దొరికింది. ఈ పూట సెలవు క్రమంగా ఇతర పరిశ్రమలకూ పాకింది. ఇంగ్లిష్ లీగ్ మ్యాచ్‌లు శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే అలవాటు వెనుక ఉన్నది ఇదే.

అన్ని ఊళ్లకూ ఆ సెలవు శనివారమే కాదు. షెఫీల్డ్‌లో కొందరు చేతిపనివారికి బుధవారం మధ్యాహ్నం తీరిక. వాళ్లు 1820లో పెట్టుకున్న క్రికెట్ క్లబ్ పేరు ‘ది వెన్స్‌డే’. చలికాలంలోనూ జట్టు చెదిరిపోకుండా ఉండటానికి 1867లో వాళ్లే ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. అదే ఇప్పటి షెఫీల్డ్ వెన్స్‌డే. ప్రపంచంలో అతి పాత ఫుట్‌బాల్ క్లబ్‌గా గుర్తింపు పొందిన షెఫీల్డ్ ఎఫ్‌సీ కూడా ఆ ఊళ్లోనే, 1857లో, క్రికెట్ ఆడేవాళ్ల చేతుల మీదుగానే పుట్టింది. క్రికెట్ పిచ్చి ఫుట్‌బాల్‌ను మింగేసిందని మన దగ్గర తరచూ వినే ఫిర్యాదు. ఫుట్‌బాల్ పుట్టింట్లో మాత్రం క్రికెట్టే దానికి నీడనిచ్చింది. ఇటలీలో 1893లో ఇంగ్లిష్‌వాళ్లు పెట్టిన జెనోవా క్లబ్ పేరులో నేటికీ ‘క్రికెట్’ అనే మాట ఉంది.

తర్వాతి తరం క్లబ్బుల్లో చాలావాటికి తల్లి చర్చి. పారిశ్రామిక పట్టణాల్లో కుర్రాళ్లు సారా దుకాణాల వైపు, వీధి కొట్లాటల వైపు పోకుండా ఉంచాలంటే ప్రసంగాలు చాలవని ఫాదరీలకు తొందరగానే అర్థమైంది. బర్మింగ్‌హామ్‌లో ఒక వెస్లియన్ చర్చికి చెందిన యువకులు 1874లో ఆస్టన్ విల్లాను పెట్టారు. లివర్‌పూల్‌లో సెయింట్ డొమింగో మెథడిస్ట్ చర్చి జట్టు 1878లో పుట్టి, మరుసటి ఏడాదే ఎవర్టన్ అయింది. మాంచెస్టర్‌లో సెయింట్ మార్క్స్ చర్చి వాళ్లు 1880లో మొదలుపెట్టిన జట్టు నేటి మాంచెస్టర్ సిటీ. సౌతాంప్టన్, ఫుల్హమ్ క్లబ్బుల పుట్టుక కూడా ఇలాంటిదే. అబుదాబీ డబ్బుతో 2008 తర్వాత ప్రపంచాన్ని ఏలిన మాంచెస్టర్ సిటీకీ, వీధి కుర్రాళ్లను దారిలో పెట్టాలనుకున్న ఆ చర్చికీ మధ్య ఉన్న దూరమే ఆధునిక ఫుట్‌బాల్ చరిత్ర అనవచ్చు.

వీటన్నిటిలో సెల్టిక్ కథ వేరు. ఆలుగడ్డ కరువు తరిమితే ఐర్లండ్ నుంచి స్కాట్లండ్‌కు వలస వచ్చిన కేథలిక్కులు గ్లాస్గో తూర్పు వాడల్లో కిక్కిరిసి బతికేవారు. అక్కడి పిల్లలకు భోజనం పెట్టే కార్యక్రమానికి నిధులు కావాల్సి వచ్చింది. మారిస్ట్ సంఘానికి చెందిన బ్రదర్ వాల్‌ఫ్రిడ్ 1887లో సెల్టిక్‌ను ప్రారంభించింది అందుకోసమే. టికెట్ డబ్బు పిల్లల పళ్లెంలోకి వెళ్లాలన్నది ఆలోచన. పదేళ్లకే, 1897లో, క్లబ్ లిమిటెడ్ కంపెనీగా మారింది. అయినా పుట్టుక జ్ఞాపకం పోలేదు. 1967లో యూరోపియన్ కప్ గెలిచిన సెల్టిక్ జట్టులో అందరూ స్టేడియానికి ముప్పై మైళ్ల లోపల పుట్టినవారే. ఈ కథకు చీకటి కోణం కూడా ఉంది. ఎదుటి జట్టు రేంజర్స్ ప్రొటెస్టెంట్ల జట్టుగా ముద్రపడింది. 1989లో మో జాన్‌స్టన్‌ను తీసుకునేదాకా, దశాబ్దాల పాటు పేరున్న కేథలిక్ ఆటగాడెవరినీ ఆ క్లబ్ చేర్చుకోలేదు. గ్లాస్గో డెర్బీ చూడటం మొదలుపెడితే ఆ పాత పగ కూడా జెర్సీతో పాటే ఇంటికి వస్తుంది.

ఇక ఫ్యాక్టరీలు. 1878లో లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే బోగీల విభాగం కార్మికులు న్యూటన్ హీత్ పేరుతో ఆడటం మొదలుపెట్టారు. 1902లో 2,670 పౌండ్ల అప్పు తీర్చలేక దివాలా అంచుకు చేరితే, ఒక బీరు వ్యాపారి ఆదుకున్నాడు. పేరు మాంచెస్టర్ యునైటెడ్‌గా మారింది. లండన్ వూలిచ్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో 1886లో కార్మికులు పెట్టుకున్నది ఆర్సెనల్. చిహ్నంలో ఫిరంగి ఉన్నది అందుకే. మొదట్లో ఎర్ర చొక్కాలు కూడా నాటింగ్‌హామ్ ఫారెస్ట్ దానంగా ఇచ్చినవే. నెదర్లాండ్స్‌లో పీఎస్‌వీ పేరులోని మొదటి అక్షరం ఫిలిప్స్ బల్బుల కంపెనీది. జర్మనీలో లెవర్కుసెన్ క్లబ్ పేరు ముందు బేయర్ మందుల కంపెనీ పేరు ఇప్పటికీ ఉంది.

ఫ్యాక్టరీల ప్రస్తావనలో మహిళల జట్టును వదిలేస్తే కథ సగమే చెప్పినట్టు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, ప్రెస్టన్‌లోని డిక్ కెర్ ఆయుధ ఫ్యాక్టరీ మహిళా కార్మికులు ఒక జట్టు కట్టారు. 1920 డిసెంబరు 26న గూడిసన్ పార్కులో వాళ్ల ఆట చూడటానికి 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరులో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన పరిధిలోని మైదానాల్లో మహిళల ఆటను నిషేధించింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు సాగింది. నేడు పెద్ద క్లబ్బుల మహిళా జట్లు అంత ఆలస్యంగా వెలుగులోకి రావడానికి కారణం ఆదరణ లేకపోవడం కాదు, ఆ ఆదరణను తొక్కేయడం.

గొడవల నుంచి పుట్టిన క్లబ్బులు

లివర్‌పూల్ క్లబ్ అద్దె తగాదాలోంచి పుట్టింది. యాన్‌ఫీల్డ్ మైదానంలో 1884 నుంచి ఆడింది ఎవర్టన్. మైదానం వ్యవహారం చూసే జాన్ హౌల్డింగ్ బీరు వ్యాపారి, క్లబ్ పెద్ద కూడా. అద్దె విషయంలో సభ్యులకు, ఆయనకు పొసగలేదు. 1892లో ఎవర్టన్ వాళ్లు మూటాముల్లె సర్దుకుని కొద్ది దూరంలోని గూడిసన్ పార్కుకు వెళ్లిపోయారు. హౌల్డింగ్ చేతిలో మైదానం ఉంది, జట్టు లేదు. కొత్తగా ఒకటి పెట్టేశాడు. అదే లివర్‌పూల్ ఎఫ్‌సీ.

మిలాన్‌లో గొడవ విదేశీయుల గురించి. ఇంగ్లిష్‌వాడైన హెర్బర్ట్ కిల్పిన్, అతని మిత్రులు 1899లో ఏసీ మిలాన్‌ను పెట్టారు. ఊరి పేరు ఇటాలియన్‌లో మిలానో అయినా క్లబ్ పేరు ఇంగ్లిష్‌లో మిలాన్‌గానే ఉండిపోవడం వాళ్ల గుర్తే. విదేశీ ఆటగాళ్లను తీసుకోవాలా వద్దా అన్న వివాదంతో 1908లో కొందరు బయటకొచ్చి ఇంటర్నేషనల్ అనే అర్థం వచ్చే పేరుతో ఇంటర్ మిలాన్‌ను స్థాపించారు. జర్మనీలో డోర్ట్‌మండ్ కుర్రాళ్లది ఫాదరీతో పేచీ. చర్చి యువజన సంఘం ఫుట్‌బాల్‌ను చిన్నచూపు చూస్తోందని విసిగి, 1909 డిసెంబరు 19న ఒక పబ్బు పైగదిలో సమావేశమై బొరుస్సియా డోర్ట్‌మండ్‌ను ప్రకటించారు.

కోల్‌కతాది అచ్చం ఇదే తరహా. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1911 జూలై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలిచింది. ఒక్కరు తప్ప ఆ పదకొండు మందిలో అందరూ వట్టి కాళ్లతో ఆడారు. తొమ్మిదేళ్ల తర్వాత, 1920లో, అదే మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కు జోరాబగాన్ క్లబ్ తన ఆటగాడు శైలేష్ బోస్‌ను పక్కన పెట్టింది. తూర్పు బెంగాల్ వాడు కాబట్టే పక్కన పెట్టారని భావించిన ఆ క్లబ్ ఉపాధ్యక్షుడు సురేశ్‌చంద్ర చౌధురి బయటికి నడిచారు. ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ పుట్టింది. దేశ విభజన తర్వాత ఆస్తులు, ఊళ్లు వదిలి వచ్చిన లక్షల మంది శరణార్థులకు ఆ క్లబ్ ఒక చిరునామా అయింది. అటువైపు రొయ్య, ఇటువైపు పులస చేపకు బెంగాలీ పేరైన ఇలిష్. ఎవరు గెలిస్తే వారి చేప ధర ఆ పూట పెరుగుతుందని అక్కడి నానుడి. 1891 నాటి మహమ్మడన్ స్పోర్టింగ్ మూడో స్తంభం. 1934 నుంచి 1938 వరకు వరుసగా ఐదుసార్లు కలకత్తా లీగ్ గెలిచి, ఉపఖండంలోని ముస్లింలందరికీ పేరు తెలిసిన జట్టయింది. దాని పేరునే ఢాకాలోనూ ఒక మహమ్మడన్ క్లబ్ 1936లో పుట్టింది. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక 1972లో వచ్చిన అబాహనీతో దాని పోటీ ఒక తరాన్ని ఊపేసింది.

ఈ మూడు కోల్‌కతా క్లబ్బులకూ సభ్యులున్నారు, మైదాన్‌లో సొంత గుడారాలున్నాయి, తరతరాల అలవాటు ఉంది. కాబట్టే 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగం ఏటీకే అనే ఫ్రాంచైజీతో కలిసి ‘ఏటీకే మోహన్ బగాన్’ అయినప్పుడు అభిమానులు ఊరుకోలేదు. మూడేళ్ల నిరసన తర్వాత 2023లో ఆ మూడక్షరాలు తొలగిపోయాయి. కొత్త యజమాని తన ‘సూపర్ జెయింట్’ ముద్రను వెనక తగిలించాడనుకోండి, అది వేరే సంగతి.

హైదరాబాద్‌లో మిగలనిది

1950లలో దేశంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్‌లను ధైర్యంగా ఎదుర్కొన్న జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. రహీమ్ కోచ్‌గా ఉన్నప్పుడే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ మరుసటి ఏడాది ఆయన చనిపోయారు. హిందీలో 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఆయన కథే.

అంత గొప్ప జట్టు పేరు నేడు హైదరాబాద్ కుర్రాడికి ఎందుకు తెలియదు? అది డిపార్ట్‌మెంట్ జట్టు. ఆటగాడికి ఉద్యోగం ఇచ్చేది శాఖ, మ్యాచ్‌కు సెలవిచ్చేది శాఖ, జట్టు ఉండాలో వద్దో తేల్చేదీ శాఖే. బయటి ఊరివాడికి అందులో సభ్యత్వం లేదు, ఓటు లేదు. థేమ్స్ ఐరన్‌వర్క్స్ నుంచి వెస్ట్ హామ్ విడిపోయినట్టు ఈ జట్టు ఎప్పుడూ విడిపోలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్ ఆటగాడిగా పేరు తెచ్చుకుని, బెంగాల్‌లోనే స్థిరపడి, 2023లో అక్కడే కన్నుమూశారు. క్లబ్ ఉన్నచోటికి ఆటగాడు వెళ్లిపోయాడు.

ఫ్రాంచైజీల కాలంలో మరో అవకాశం వచ్చింది. పుణె సిటీ మూతపడితే ఆ స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్‌లో అడుగుపెట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ తర్వాత జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధాలు, యజమాని మార్పు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది. మధ్యలో హైదరాబాద్ ఒక మజిలీ.

ఇలా జట్టును ఎత్తుకుపోవడం ఇంగ్లండ్‌లోనూ జరిగింది, కానీ ముగింపు వేరు. 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచిన వింబుల్డన్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణానికి తరలించేందుకు 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు ఆ ఏడాదే తమ డబ్బుతో ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరిట కొత్త క్లబ్ పెట్టుకుని అట్టడుగు లీగ్‌లలో మొదలుపెట్టారు. 2011 నాటికి వృత్తి ఆటగాళ్ల ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు. 2020లో పాత ఇల్లు ప్లౌ లేన్‌కు, కొత్త స్టేడియంతో తిరిగొచ్చారు. విదేశీ క్లబ్బుల్లో ఒకదాన్ని చేతిలో పెట్టమంటే, హైదరాబాద్ పాఠకుడికి నేను మొదట చూపించేది దీన్నే. పెద్ద కప్పులు గెలవదు. కానీ మనకు లేనిదేమిటో చూపిస్తుంది.

తాళాలు ఎవరి దగ్గర?

పుట్టుక తెలిశాక చూడాల్సింది ప్రస్తుత యజమాని. తిరుమల వెంకన్న పేరు పెట్టుకున్న పుణె కోళ్ల కంపెనీ, వెంకీస్, 2010లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొంది. 1875లో పుట్టి, 1888 తొలి లీగ్‌లోని 12 జట్లలో ఒకటిగా ఆడి, 1995లో ప్రీమియర్ లీగ్ ఛాంపియన్ అయిన క్లబ్ అది. కొన్న రెండేళ్లకే, 2012లో, ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిపోయింది. ఆ మ్యాచ్‌లో అభిమానులు క్లబ్ జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. 2017లో మూడో అంచెకు కూడా దిగింది, మరుసటి ఏడాదే పైకి వచ్చింది. భారతీయ యజమాని ఉన్నంత మాత్రాన ఆ క్లబ్ మనది కాదని, ఆ ఊరివాళ్లకు మన వ్యాపారి దూరపు దొరలాగే కనిపిస్తాడని ఈ కథ చెబుతుంది.

జర్మనీలో ‘50+1’ అనే నియమం ఉంది. 1998 నుంచి, క్లబ్బులు కంపెనీలుగా మారినా ఓటింగ్ హక్కుల్లో సగానికి పైన సభ్యుల చేతిలోనే ఉండాలి. లెవర్కుసెన్, వోల్ఫ్స్‌బర్గ్ లాంటి పాత కంపెనీ జట్లకు మినహాయింపు. ఎనర్జీ డ్రింక్ కంపెనీ రెడ్ బుల్ 2009లో లైప్‌జిగ్‌లో పెట్టించిన క్లబ్ ఈ నియమంలోని అక్షరాన్ని పాటించి ఆత్మను వదిలేసింది. ఓటు హక్కున్న సభ్యులు అక్కడ పిడికెడు మందే. దానికి పూర్తిగా ఎదురుగా నిలిచేది బెర్లిన్‌లోని యూనియన్. 2008-09లో రెండు వేల మందికి పైగా అభిమానులు జీతం లేకుండా పనిచేసి తమ స్టేడియాన్ని తామే బాగుచేసుకున్నారు. హాంబర్గ్‌లోని సాంక్ట్ పౌలీ 2024లో ఒక సహకార సంఘం పెట్టి, స్టేడియం కోసం అభిమానులకే వాటాలు అమ్మింది. మన పాల సహకార సంఘాల్లో వాటా ఉన్న రైతుకు ఈ ఏర్పాటు చప్పున అర్థమవుతుంది.

స్పెయిన్‌లో బార్సిలోనా, రియల్ మాడ్రిడ్, అథ్లెటిక్ బిల్బావో, ఒసాసునా క్లబ్బులకు యజమానులు సభ్యులే. బార్సిలోనాను 1899లో స్థాపించింది హాన్స్ గాంపర్ అనే స్విట్జర్లండ్ వాసి. ఆటగాళ్లు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చాడు. విదేశీయుడు పెట్టిన ఆ క్లబ్ కాటలన్ భాష, అస్తిత్వాలకు గుర్తుగా మారింది. బిల్బావో పద్ధతి మరీ పట్టుదలది. బాస్క్ ప్రాంతంలో పుట్టినవారు, లేదా అక్కడ ఆట నేర్చినవారు మాత్రమే ఆడాలి. నూరేళ్లకు పైగా ఈ నియమంతో ఆడుతూ ఒక్కసారీ పై లీగ్ నుంచి కిందికి పడలేదు. 2024లో, నలభై ఏళ్ల తర్వాత, కోపా డెల్ రే గెలిచింది. భాష, ప్రాంతం పేరుతో రాజకీయాలు నడిచిన నేల మీద పెరిగిన మనకు ఈ క్లబ్ ఒకేసారి దగ్గరగానూ ఇబ్బందిగానూ అనిపించవచ్చు.

సభ్యుల చేతిలో ఉంటే అంతా పవిత్రమని కాదు. 2021 ఏప్రిల్ 18న పన్నెండు పెద్ద క్లబ్బులు కలిసి ‘సూపర్ లీగ్’ ప్రకటించినప్పుడు ముందున్నది రియల్ మాడ్రిడ్. చివరిదాకా దాన్ని పట్టుకు వేలాడిన వాటిలో బార్సిలోనా ఒకటి. రెండు రోజుల్లో వెనక్కి తగ్గినవి ఆరు ఇంగ్లిష్ క్లబ్బులు. వాటి యజమానులు చాలామంది విదేశీ ధనికులే. వెనక్కి లాగింది వీధుల్లోకి వచ్చిన అభిమానులు.

మరి ఎలా ఎంచుకోవాలి?

గెలిచే జట్టునే పట్టుకుంటే ఎంతకాలం? లివర్‌పూల్ 1990 తర్వాత మళ్లీ లీగ్ గెలవడానికి 30 ఏళ్లు పట్టింది. మాంచెస్టర్ యునైటెడ్ 1974లో రెండో అంచెకు పడిపోయింది. మాంచెస్టర్ సిటీ 1998-99లో మూడో అంచెలో ఆడింది. ఆ ఏళ్లలో స్టేడియానికి వచ్చినవారి పిల్లలే ఇవాళ అక్కడ సీజన్ టికెట్లు పట్టుకుని కూర్చున్నది.

బంధుత్వం కూడా మంచి కారణమే. మన ఇళ్లలోంచి పిల్లలు చదువుకు వెళ్లిన ఊరి పేరు విని, ఆ ఊరి జట్టు స్కోరు చూడటం మొదలుపెట్టినవాళ్లు తక్కువేమీ కాదు. కోవెంట్రీ సిటీ 1883లో సింగర్ సైకిళ్ల ఫ్యాక్టరీ కార్మికులు పెట్టింది. లెస్టర్ సిటీ 1884లో ఒక బడి పూర్వ విద్యార్థులు పెట్టింది. 2015-16లో ఆ జట్టు టైటిల్ గెలవకముందు బుకీలు ఇచ్చిన ధర 5000కు 1. ఊళ్లో ఉన్న మేనల్లుడు ఒక ఆదివారం మ్యాచ్‌కు వెళ్లి ఫోన్‌లో చూపిస్తే, టీవీలో వంద మ్యాచ్‌లు చూసిన దానికన్నా దగ్గరితనం వస్తుంది.

దేశాల జట్లను అభిమానించడం వేరే లెక్క. కేరళలో, బెంగాల్‌లో, బంగ్లాదేశ్‌లో బ్రెజిల్-అర్జెంటీనా పిచ్చి నాలుగేళ్లకోసారి పొంగుతుంది. 2022 ప్రపంచకప్ సమయంలో ఢాకా వీధుల్లో కనిపించిన ఆ అభిమానం ఎంత దూరం పోయిందంటే, 1978లో మూసేసిన రాయబార కార్యాలయాన్ని అర్జెంటీనా 2023 ఫిబ్రవరిలో ఢాకాలో మళ్లీ తెరిచింది. క్లబ్ అభిమానం అలాంటి పండుగ కాదు. ఆగస్టు నుంచి మే దాకా వారం వారం సాగే వ్యవహారం.

అందుకే చివరగా చూడాల్సింది గడియారం. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకు వేసవిలో రాత్రి 7:30కు, చలికాలంలో 8:30కు మొదలవుతుంది. మధ్యాహ్నం 12:30 మ్యాచ్ సాయంత్రం 5కు లేదా 6కు వస్తుంది. జర్మనీలో శనివారం మధ్యాహ్నపు మ్యాచ్‌లు మనకు రాత్రి 7కు లేదా 8కి. ఇంట్లో అందరితో కూర్చుని చూడాలంటే ఈ రెండు దేశాలే అనుకూలం. స్పెయిన్‌లో రాత్రి 9 గంటల మ్యాచ్, యూరప్ కప్పుల్లో వారం మధ్య మ్యాచ్‌లు మనకు అర్ధరాత్రి 12:30కు, చలికాలంలో 1:30కు మొదలవుతాయి; ఉదయం ఆఫీసు ఉన్నవారు రియల్ మాడ్రిడ్‌ను ఎంచుకునే ముందు ఇది ఆలోచించుకోవాలి. యూరప్‌లో గడియారాలు మార్చి చివరి ఆదివారం గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి జరుగుతాయి. ఆ అక్టోబరు ఆదివారం నుంచి మన టీవీలో ప్రతి మ్యాచ్ ఒక గంట ఆలస్యంగా మొదలవుతుంది.